నీడంత అనుమానమూ, సహేతుకమైన అనుమానమూ: కోర్టు లెక్కలోకి తీసుకునేది ఏది?

పెద్ద కేసులో తీర్పు వచ్చిన రోజు రెండే మాటలు వినిపిస్తాయి. శిక్ష పడితే ‘నేరం నిస్సందేహంగా రుజువైంది’ అని టీవీల్లో స్క్రోలింగ్ నడుస్తుంది. కేసు కొట్టేస్తే ‘అంటే వాళ్ళు ఏమీ చెయ్యలేదనా? మరి చంపిందెవరు?’ అని టీకొట్టు దగ్గర నిలదీత మొదలవుతుంది. రెండు చోట్లా జరిగే పొరపాటు ఒకటే. ఇంగ్లీషులో వేరువేరుగా ఉన్న రెండు పలుకుబళ్ళు తెలుగులోకి వచ్చేసరికి కలిసిపోయాయి. మొదటిది ‘బియాండ్ ఎ షాడో ఆఫ్ డౌట్’, అంటే నీడంత అనుమానం కూడా మిగలకుండా. రెండోది ‘బియాండ్ రీజనబుల్ డౌట్’, అంటే సహేతుకమైన అనుమానం మిగలకుండా. మొదటిది జనం మాట, రెండోది కోర్టు మాట. ‘సహేతుకమైన’ అన్న ఒక్క విశేషణం అనువాదంలో జారిపోతే లెక్కంతా తప్పుతుంది.

‘నీడ’ అంటే ఎంత?

ఖాయం అని ఢంకా బజాయించి చెప్పడానికి ఇంగ్లీషులో మాటలకు కొదవ లేదు. ‘యాజ్ ష్యూర్ యాజ్ ఎగ్స్ ఈజ్ ఎగ్స్’ అంటారు, గుడ్డు గుడ్డే అన్నంత నిజమని. ‘బెట్ యువర్ బాటమ్ డాలర్’ అంటారు, చేతిలో మిగిలిన ఆఖరి డాలరు కూడా పందెం కాసెయ్యొచ్చని. ఇవి సంతలోనో పేకాట బల్ల దగ్గరో బాగుంటాయి. ‘షాడో ఆఫ్ డౌట్’ది కాస్త గంభీరమైన గొంతు. కోర్టు నుంచే పుట్టిందేమో అనిపించేది అందుకే.

ఇక్కడ షాడో అంటే చీకటి కాదు, ఆనవాలు. మన ‘ఛాయ’కూ ఈ అర్థం ఉంది: ‘కోపం ఛాయలైనా కనబడలేదు’ అంటాం కదా. అయితే అనుమానాన్ని మాత్రం తెలుగులో ఎక్కువగా గింజల్లోనో రేణువుల్లోనో కొలుస్తాం: ఆవగింజంత, ఇసుమంత, రవ్వంత. ఆవగింజకు ఎంతో కొంత బరువుంటుంది, నీడకు అదీ ఉండదు. ఆ పలుకుబడిని అక్షరాలా పట్టుకుంటే అనుమానం సున్నా కావాలి. కళ్ళారా చూసిన సాక్షి కూడా పొరబడొచ్చు, డీఎన్‌ఏ నమూనా కూడా లేబుల్ మారిపోవచ్చు. అనుమానం సున్నా అయితేనే శిక్ష అంటే ఏ కేసులోనూ శిక్ష పడదు.

చట్టంలో రాసినదేమిటి?

వింతేమిటంటే, రుజువును నిర్వచించే చోట మన చట్టం సందేహం ఊసే ఎత్తదు. 1872 నాటి సాక్ష్య చట్టం 3వ సెక్షన్‌లో ఉన్న నిర్వచనమే, 2024 జూలై 1 నుంచి దాని స్థానంలోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్‌లో 2(1)(జె)గా ఉంది. దాని సారం ఇది: తన ముందున్న విషయాలన్నీ పరిశీలించాక కోర్టు ఒక సంగతి ఉందని నమ్మాలి. లేదా, వివేకం గల మనిషి ఆ పరిస్థితుల్లో అది ఉన్నట్టే తీసుకుని ముందుకు నడవదగినంత అవకాశం ఉందని భావించాలి. అప్పుడు ఆ సంగతి ‘రుజువైనట్టు’.

వివేకం గల మనిషి ఎవరంటే, స్థలం కొనేవాణ్ణి చూడండి. ముప్ఫై ఏళ్ళ ఈసీ (స్థలం మీది లావాదేవీలు, తనఖాలు చూపే ధ్రువపత్రం) తీయిస్తాడు, లింకు డాక్యుమెంట్లు చూస్తాడు, సర్వేయరుతో కొలిపిస్తాడు, పక్క స్థలాల వాళ్ళను అడుగుతాడు. ఆ తర్వాత కూడా ‘ఎక్కడో తెలియని వారసుడు ఉన్నాడేమో’ అన్న ఆలోచన మనసులో ఓ మూల ఉండొచ్చు. దానికోసం రిజిస్ట్రేషన్ ఆపడు. కానీ ఈసీలో మధ్యలో ఓ తనఖా కనబడి, అది తీరినట్టు కాగితం లేకపోతే ఆగిపోతాడు. మొదటిది నీడ, రెండోది సహేతుకమైన అనుమానం. తేడా పరిమాణంలో కాదు. రెండోదానికి చూపించడానికి ఓ ఆధారం ఉంది, అంతే.

ఆ సెక్షన్ దగ్గరే ఇంకో ముఖ్యమైన సంగతి ఉంది. చట్టం దృష్టిలో ఒక విషయానికి మూడు స్థితులు: రుజువైంది, అబద్ధమని తేలింది, రుజువు కాలేదు. టీకొట్టు వాదనలో మొదటి రెండే ఉంటాయి. కేసులు చాలావరకు కొట్టుడుపోయేది మూడోదాని కింద.

క్రిమినల్ కేసుల్లో ‘సహేతుకమైన సందేహం’ అన్న కొలత ఇంగ్లండ్ న్యాయమూర్తుల తీర్పుల నుంచి మనకు వచ్చింది. 1935 నాటి వుల్మింగ్టన్ కేసు దీనికి మూలస్తంభం. తనను వదిలి పుట్టింటికి వెళ్ళిన భార్య తుపాకీ గుండుకు చనిపోయింది. బెదిరించడానికి పట్టుకెళ్ళిన తుపాకీ పొరపాటున పేలిందని భర్త చెప్పాడు. పొరపాటేనని రుజువు చేసుకోవాల్సిన బాధ్యత అతనిదేనని కింది కోర్టు జడ్జి జ్యూరీకి చెప్పాడు. మరణశిక్ష పడింది. అప్పట్లో అక్కడి అత్యున్నత న్యాయస్థానమైన హౌస్ ఆఫ్ లార్డ్స్ దాన్ని కొట్టేసింది. నేరాన్ని రుజువు చెయ్యాల్సింది ప్రాసిక్యూషనే అన్న సూత్రం ఇంగ్లండు క్రిమినల్ చట్టమంతటా సాగే ‘బంగారు దారం’ అని లార్డ్ శాంకీ అన్నాడు. మన తీర్పుల్లో ఆ బంగారు దారం ఇప్పటికీ కనబడుతూనే ఉంటుంది.

నీడను పేరు పెట్టి పక్కన పెట్టినవాడు ఇంగ్లండ్ న్యాయమూర్తి డెన్నింగ్. 1947లో, అదీ క్రిమినల్ కేసులో కాదు, ఓ సైనికుడి భార్య పింఛను కేసులో. సహేతుకమైన సందేహానికి అతీతంగా రుజువు చెయ్యడమంటే నీడంత సందేహం కూడా లేకుండా చెయ్యడం కాదని సూటిగా రాశాడు. ఊహల్లో తప్ప ఎక్కడా లేని అవకాశాలను పట్టించుకుంటూ పోతే చట్టం సమాజాన్ని కాపాడలేదన్నాడు. ఆయన ఇచ్చిన పరీక్ష తెలుగులో ఇంకా అందంగా కుదురుతుంది: ‘సాధ్యమే, కానీ సంభవం కాదు’ అని కొట్టిపారెయ్యగలిగితే కేసు రుజువైనట్టు. అంతకు ఒక్క మెట్టు తగ్గినా చాలదు.

ఒకే ప్రోనోటు, రెండు కోర్టులు

సివిల్ దావాలో కొలత వేరు. అక్కడ త్రాసు ఎటు మొగ్గితే అటు తీర్పు. ఏ పక్షం చెప్పేది జరిగి ఉండే అవకాశం ఎక్కువో చూస్తారు. ఈ తేడా ఎలా పనిచేస్తుందో చూడటానికి ప్రోనోటును మించిన ఉదాహరణ లేదు.

రెండు లక్షల ప్రోనోటు మీద అప్పిచ్చిన వ్యక్తి దావా వేశాడనుకుందాం. ప్రతివాది ‘ఆ సంతకం నాది కాదు’ అన్నాడు. వాది బోనెక్కి సాక్ష్యం చెప్పాడు, నోటు రాసిన లేఖరిని పిలిపించాడు. లేఖరి అడ్డు సవాళ్ళలో తడబడ్డాడు. డబ్బు లెక్కపెట్టింది వాది ఇంట్లోనని ఒకసారి, రైసు మిల్లులోనని ఇంకోసారి అన్నాడు. సంతకాన్ని నిపుణుడికి పంపారు. ఇక్కడ చాలామంది పోగొట్టుకునే సూక్ష్మం ఒకటుంది. పోల్చడానికి వకాలతు మీది సంతకం ఇస్తే పెద్దగా విలువ ఉండదు, అది గొడవ మొదలయ్యాక చేసింది గనక. నోటు రాసిన కాలం నాటి సంతకం కావాలి, రిజిస్టరు దస్తావేజు మీదిదో బ్యాంకు ఖాతా తెరిచినప్పటిదో. అలాంటి సంతకంతో పోల్చిన నిపుణుడు ‘రెండూ ఒకరివి కావు’ అన్నాడు. నోటు నిజమైనది కాకపోవడానికే అవకాశం ఎక్కువని కోర్టు దావా కొట్టేసింది.

ఇప్పుడు ప్రతివాది ఊరుకోలేదు. ఆ తీర్పు పట్టుకుని ఫోర్జరీ కేసు పెట్టాడు. క్రిమినల్ కోర్టులో ప్రశ్నే మారిపోయింది. సంతకం ప్రతివాదిది కాదన్నంతవరకు సరే, ఆ సంతకం పెట్టిందెవరు? అప్పిచ్చినవాడా, లేఖరా, మూడో మనిషా? అది దొంగ సంతకమని అప్పిచ్చినవాడికి తెలుసా? ప్రతివాది అన్నే వచ్చి డబ్బు తీసుకుని తమ్ముడి పేరుతో సంతకం పెట్టి వెళ్ళాడని ఇంకో సాక్షి చెప్పాడు. దాన్ని కొట్టిపారెయ్యడానికి ఆధారం దొరకలేదు. నిపుణుడి అభిప్రాయం ఒక్కదాని మీదే శిక్ష వెయ్యడానికి కోర్టులు జంకుతాయి కూడా. కేసు కొట్టేశారు.

‘నోటు దొంగదని ఓ కోర్టు, ఫోర్జరీ కాదని ఇంకో కోర్టు’ అని ఊళ్ళో చెప్పుకుంటారు. రెండు తీర్పుల మధ్యా పేచీ ఏమీ లేదు. రెండో కోర్టు ఫోర్జరీ జరగలేదనలేదు, ఫలానా మనిషి చేశాడని రుజువు కాలేదంది.

గొలుసు దొంగతనం: ఏది నీడ, ఏది అనుమానం

ఇంకో ఊహా కేసు. ఇంట్లో దొంగతనం జరిగింది. మూడు కాసుల నాను పోయిందని ఎఫ్‌ఐఆర్‌లో ఉంది. కాసు 8 గ్రాముల లెక్కన 24 గ్రాములు. వారం తర్వాత పోలీసులు ఒకణ్ణి పట్టుకుని అతని ఇంట్లో గొలుసు దొరికిందన్నారు. దొంగసొత్తు దొంగతనం జరిగిన కొద్ది రోజులకే ఒకరి దగ్గర దొరికి, అతను సంజాయిషీ ఇవ్వలేకపోతే, అతనే దొంగ అనో తెలిసే దాన్ని ఉంచుకున్నాడనో కోర్టు అనుకోవచ్చు. పాత చట్టం 114వ సెక్షన్, ఇప్పటి 119 ఆ అవకాశం ఇస్తాయి. ముద్దాయి లాయరు నాలుగు అనుమానాలు లేవదీశాడు.

ఒకటి, అసలు దొంగ పారిపోతూ గొలుసును ముద్దాయి ఇంట్లో పడేసి ఉండొచ్చు. సాక్ష్యంలో దీనికి పిసరంత ఆధారం లేదు. జడ్జి స్వయంగా అడిగినప్పుడు ముద్దాయి కూడా ఆ మాట అనలేదు. ఇది నీడ.

రెండు, ముద్దాయిని ఆ వీధిలో ఏడింటికి చూశానని ఓ సాక్షి, ఏడున్నరకని ఇంకొకరు చెప్పారు. మూడేళ్ళ తర్వాత బోనెక్కినవాళ్ళ మాటలో అరగంట తేడా సహజం. ఇద్దరూ నిమిషం తేడా లేకుండా అప్పజెప్పి ఉంటేనే అనుమానించాలి.

మూడు, దొరికిన గొలుసు 31 గ్రాములు తూగింది. దీన్ని తేలిగ్గా తీసెయ్యలేం. పోయిన గొలుసుకు లాకెట్టు ఉండేదని, ఫిర్యాదులో గొలుసు బరువే రాయించానని ఇంటామె చెప్పి, కొన్న బిల్లు చూపిస్తే అనుమానం తీరిపోతుంది. ఎవరూ ఏమీ చెప్పకపోతే ఆ 7 గ్రాములు నిజమైన అనుమానమే. అలాంటివే నాలుగైదు గొలుసుల్లో కలిపి ఆమెచేత గుర్తుపట్టించారా లేదా అన్నది అప్పుడు కీలకమవుతుంది.

నాలుగు, మధ్యవర్తుల నివేదిక (సొత్తు దొరికినచోట సాక్షులుగా ఉన్నవాళ్ళు సంతకం చేసే కాగితం) ప్రకారం గొలుసు దొరికింది మధ్యాహ్నం మూడింటికి, ముద్దాయి ఇంట్లో. సంతకం చేసిన వీఆర్వో అడ్డు సవాళ్ళలో ‘నేను స్టేషన్‌లో సంతకం చేశాను’ అన్నాడు. దీంతో కేసు కూలిపోతుంది. గొలుసు ముద్దాయి ఇంట్లోనే దొరికిందన్న నమ్మకం పోతే అతనికీ దొంగతనానికీ లంకె తెగిపోతుంది.

కేసులు జారిపోయేది తరచూ ఇలాంటి చోట్లే. ఎఫ్‌ఐఆర్ నకలు మేజిస్ట్రేటు చేతికి ఏ తేదీన ఎన్ని గంటలకు అందిందో దాని మీదే రాసి ఉంటుంది. ఉదయం ఎనిమిదింటికి నమోదైనది పక్క వీధి కోర్టుకు మర్నాడు సాయంత్రం చేరితే, మధ్యలో పేర్లు చేర్చారేమోనని అడుగుతారు. నెత్తుటి కత్తిని స్వాధీనం చేసుకున్నచోటే సీలు వెయ్యకపోతే, ల్యాబుకు వెళ్ళింది అదే కత్తా అని అడుగుతారు. బయటివాళ్ళకు ఇది లాయర్ల గడుసుతనంగా కనబడుతుంది. సహేతుకమైన అనుమానం పుట్టేది మాత్రం ఇలాంటి గంటల్లో, సీళ్ళలో, గ్రాముల్లోనే.

బరువు ముద్దాయి మీదికి మళ్ళే చోట్లు

అన్ని నేరాల్లోనూ అంతా ప్రాసిక్యూషనే చెయ్యాలన్న నియమం లేదు. చెక్ బౌన్సు కేసు తీసుకోండి. చెక్కు మీది సంతకం తనదేనని ముద్దాయి ఒప్పుకుంటే, అది బాకీ తీర్చడానికే ఇచ్చాడని కోర్టు ముందుగా అనుకోవాలని నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 139వ సెక్షన్ చెబుతుంది. కాదని చూపించాల్సింది అతనే. అయితే అతనికి పెట్టిన కొలత తేలికైనది. తను చెప్పేదానికే అవకాశం ఎక్కువని చూపిస్తే చాలని సుప్రీంకోర్టు 2010లో రంగప్ప కేసులో స్పష్టం చేసింది. ఫిర్యాది ఐదు లక్షలు నగదుగా ఇచ్చానంటాడు, కానీ అతని ఆదాయంలోగానీ ఖాతాలోగానీ ఆ డబ్బు జాడ ఉండదు. చిట్టీకి పూచీగా ఖాళీ చెక్కు ఇచ్చానని ముద్దాయి చిట్టీ పుస్తకం చూపిస్తాడు. అది సరిపోవచ్చు.

మత్తుమందుల చట్టంలో పరిస్థితి తలకిందులు. గంజాయి కేసుల్లో తరచూ ఎదురయ్యేది ఈ 1985 చట్టమే. ‘సహేతుకమైన సందేహం’ అన్న మాట దాని 35వ సెక్షన్‌లో అక్షరాలా ఉంది, కానీ ముద్దాయికి ఎదురుగా. సరుకు సంగతి తనకు తెలియదని అతను రుజువు చేసుకోవాలంటే అవకాశం ఎక్కువని చూపిస్తే చాలదు, సహేతుకమైన సందేహానికి అతీతంగా చూపించాలి. 2008లో నూర్ ఆగా కేసులో సుప్రీంకోర్టు ఈ సెక్షన్‌ను నిలబెడుతూనే ఓ షరతు పెట్టింది: సరుకు అతని స్వాధీనంలో ఉందన్న పునాదిని ముందు ప్రాసిక్యూషనే వెయ్యాలి.

ఎంత శాతం?

తొంభై శాతం నమ్మకమా, తొంభై అయిదా? కోర్టులు అంకె చెప్పవు. తప్పించుకోవడానికని అనిపిస్తుంది గానీ, కారణముంది. ఇసుక రేవు నుంచి ఒక రాత్రి వంద లారీలు వెళ్ళాయి, బిల్లులు తీసింది అయిదింటికే. తర్వాత ఆ వందలో ఒక లారీ యజమాని దొరికాడు, బిల్లు పోయిందన్నాడు. లెక్క ప్రకారం అతను దొంగ అయ్యే అవకాశం నూటికి తొంభై అయిదు. అయినా ఆ లెక్క ఒక్కటే పట్టుకుని అతనికి శిక్ష వెయ్యలేరు, ఎందుకంటే ఆ లారీ గురించి ఎవరూ ఒక్క ముక్క కూడా చెప్పలేదు. మిగతా తొంభై తొమ్మిది లారీల గురించిన లెక్క ఇతని నెత్తిన రుద్దడమే అవుతుంది.

1973లో నెల తేడాతో రెండు స్వరాలు

ఈ కొలత దోషులకు కొమ్ముకాస్తోందని ఒక వాదన. శివాజీ సాహెబ్‌రావ్ బోబడే కేసులో సుప్రీంకోర్టు జడ్జి జస్టిస్ కృష్ణయ్యర్ దీన్ని గట్టిగా వినిపించారు. ప్రతి చిన్న సంకోచాన్నీ సందేహంగా లెక్కగట్టి బంగారు దారాన్ని అతిగా సాగదియ్యొద్దన్నారు. దోషుల్ని వదిలేస్తూ పోతే జనానికి చట్టం మీద నమ్మకం పోతుందని హెచ్చరించారు. ‘అయ్యుండొచ్చు’కూ ‘అయ్యుండాలి’కీ మధ్య దూరం చాలా ఎక్కువ అన్నదీ ఈ తీర్పులోనే. మొదటి సగాన్ని ప్రాసిక్యూటర్లు, రెండో సగాన్ని డిఫెన్సు లాయర్లు చదివి వినిపిస్తుంటారు.

నెల తిరక్కుండానే కాళీరామ్ కేసు వచ్చింది. దోషి తప్పించుకోవడం మంచిది కాదని ఒప్పుకుంటూనే, అంతకన్నా దారుణం నిర్దోషికి శిక్ష పడటమని జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా రాశారు. సాక్ష్యం రెండు వైపులకూ దారి తీస్తుంటే ముద్దాయికి అనుకూలమైన దారే పట్టాలన్నారు. రెండు తీర్పులూ నేటికీ చెల్లుతున్నాయి. రెంటిలోనూ కొలత ఒకటే, తప్పు జరిగితే ఏ పక్షానికి జరిగే నష్టం ఎక్కువ దారుణమన్న దగ్గరే స్వరం మారింది.

ఆ నష్టం రెండు పక్షాలకూ ఒకేసారి రావచ్చు. విజయవాడలో 2007లో హాస్టల్లో జరిగిన విద్యార్థిని హత్య కేసులో 2010లో ఒకరికి శిక్ష పడింది, 2017లో హైకోర్టు దాన్ని కొట్టేసింది. మరుసటేడు మళ్ళీ దర్యాప్తు చెయ్యమని సీబీఐకి అప్పగించింది. జైల్లో ఏళ్ళు గడిపినవాడికీ, బిడ్డను పోగొట్టుకున్న తల్లిదండ్రులకూ మొదటి దర్యాప్తు మిగిల్చింది ఒకటే.

‘సంశయ లాభం’తో బయటపడ్డాక

సంశయ లాభం అంటే అనుమానం మిగిలినందుకు ముద్దాయిని వదిలెయ్యడం. అలా క్రిమినల్ కేసు పోయింది గనక ఉద్యోగం తిరిగొస్తుందని చాలామంది అనుకుంటారు. శాఖాపరమైన విచారణలో కొలత సివిల్ తరహాదే. 1977లో సుప్రీంకోర్టు ముందుకొచ్చిన రతన్ సింగ్ కేసులో అతను హర్యానాలో బస్సు కండక్టరు. డబ్బు తీసుకుని టికెట్లు ఇవ్వలేదని స్క్వాడ్ పట్టుకుంది. ప్రయాణికులను విచారణలో సాక్షులుగా పిలవలేదు. అయినా స్క్వాడ్ అధికారి సాక్ష్యం ఉందిగా, అది చాలని కోర్టు అతన్ని తీసెయ్యడాన్ని సమర్థించింది. అవే కాగితాలతో మేజిస్ట్రేటు కోర్టులో మోసం కేసు నడిపితే నిలబడకపోవచ్చు.

పోలీసు ఉద్యోగాల్లో ఇది మరీ పట్టింపు. తమిళనాడుకు చెందిన సముద్రం కేసులో సాక్షులు అడ్డం తిరగడంతో ఓ పోలీసుపై కేసు వీగిపోయింది. ఆ ఒక్క కారణంతో తనను తిరిగి ఉద్యోగంలోకి తీసుకోవాలని అతను కోరితే సుప్రీంకోర్టు 2012లో ఒప్పుకోలేదు. ‘గౌరవప్రదంగా నిర్దోషి’ అన్న మాట చట్టంలో ఎక్కడా లేదని, సాక్ష్యమంతా చూసి ఆరోపణ నిలబడదని కోర్టు తేల్చినప్పుడే దానికి అర్థముంటుందని చెప్పింది. అందుకే పాత కేసున్న అభ్యర్థి కానిస్టేబుల్ ఎంపికకు వెళ్ళినప్పుడు కేసు కొట్టేశారన్న చివరి వాక్యం ఒక్కటే చూడరు. ఎందుకు కొట్టేశారో రాసిన పేరాలు చదువుతారు. సాక్షులు ఎదురు తిరిగారా, రాజీ కుదిరిందా, సంశయ లాభం ఇచ్చారా, ఆ రోజు అతను అసలు ఆ ఊళ్ళోనే లేడని తేలిందా అని.